కెమెరాకు సిమ్ము వేసిన లగ్గం

మా ఆయన కెమెరాను విప్పి ముక్కలు ముక్కలుగా బల్ల మీద పరిచిన రోజు నేను నిజంగానే పుట్టింటికి పోదామనుకున్నాను. పుట్టిల్లు సిరిసిల్ల. తీరా ఆ రోజు బంద్, బస్సుల్లేవు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ కాలంలో అలిగి పుట్టింటికి పోవాలన్నా బంద్ లేని రోజు చూసుకుని అలగాల్సి వచ్చేది. అందుకని ఉండిపోయి, తిట్టుకుంటూనే చాయ్ పెట్టిచ్చాను.

కోరుట్లలో మాదో చిన్న ఫొటో స్టూడియో. ముందు గదిలో వ్యాపారం, వెనక గదిలో కాపురం. మా దగ్గర పాస్‌పోర్టు ఫొటో అంటే గల్ఫుకు పోయేవాళ్ళదే. ఏ దేశం పోయినా మావాళ్ళకు అది దుబాయే. పోయేవాళ్ళ ఫొటోలు తీసేది మేమే, వాళ్ళు పోయాక వాళ్ళ ఇండ్లల్లో అయ్యే లగ్గాలు తీసేదీ మేమే. పసుపు దంచే దగ్గర, పెండ్లిపిల్లకు నలుగు పెట్టే దగ్గర మగవాడు కెమెరా పట్టుకుని నిలబడితే ఆడవాళ్ళకు కొంగులు సర్దుకోవడంతోనే సరిపోతుంది. అట్లా రెండో కెమెరా నా చేతికి వచ్చింది. మొదట్లో అందరి తలలూ కోసేసేదాన్ని. తర్వాత తర్వాత మా ఆయన కంటే నేనే నయమని ఊళ్ళల్లో అనేవాళ్ళు. ఆయన ఒప్పుకోడు.

అప్పుడప్పుడే లగ్గాన్ని లైవ్‌లో చూపించడం మొదలైంది. పందిట్లో కెమెరా, దాని నుంచి పొడుగాటి వైరు, వైరు చివర ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌కు సిమ్ము వేసిన నెట్ పుల్ల. దుబాయిలో ఎవరో ఒకరి దగ్గర కంప్యూటర్ ఉంటే చాలు, రూములో ఉన్నవాళ్ళంతా దాని ముందు కూర్చుని ఇక్కడి లగ్గం చూసేవాళ్ళు. వినడానికి బాగుంటుంది. ఆ వైరుతో మేము పడ్డ బాధ మాకు తెలుసు. కెమెరా దారానికి కట్టిన కోడిపిల్లలాగా ఆ వైరు పొడుగెంతో అంతే తిరగాలి. బీర్పూర్ వైపు ఒక లగ్గంలో పెండ్లికొడుకు మేనత్త ఆ వైరు తట్టుకుని పడింది. ల్యాప్‌టాప్ వెళ్ళి కాళ్ళు కడిగే తాంబాళంలో పడింది. మేనత్తకు దెబ్బ తగల్లేదు గానీ, ఆ తర్వాత ఆ ఊళ్ళో మమ్మల్ని ఎవరూ పిలవలేదు.

దాంతో మా ఆయనకు ఒక పిచ్చి పట్టింది.

"ఫోన్‌కు సిమ్ము ఉన్నప్పుడు కెమెరాకు ఎందుకుండొద్దు? అండ్లనే నెట్టుంటే వైరు పని లేదు, ల్యాప్‌టాప్ పని లేదు. ఏడికంటే ఆడికి పట్టుకపోవచ్చు" అన్నాడు.

"అయితే కంపినోళ్ళకు ఫోన్ జేసి చెప్పు. గింత తెలివి మాకు లేకపాయె అని ఏడుస్తరు" అన్నాను.

నా ఎత్తిపొడుపు ఆయనకు ఎక్కలేదు. జగిత్యాలలో ఫోన్లు బాగు చేసే స్నేహితుడొకడు ఉన్నాడు. వాడూ ఇట్లాంటివాడే. ఇద్దరూ కలిసి ఒక పాత చిన్న ల్యాప్‌టాప్‌కు తెర ఊడబీకి, లోపలి సామానంతా ఒక అల్యూమినియం డబ్బాలో కుదించి, విప్పిన కెమెరాను మళ్ళీ కూర్చి దాని అడుగున ఆ డబ్బాను బిగించారు. పైన నెట్ పుల్ల నిలబెట్టారు. అది పనిచేస్తుంటే పచ్చ లైటు మిణుకుమిణుకుమంటుంది. డబ్బా వేడెక్కుతున్నదని దానికి బెజ్జాలు పొడిచి చిన్న ఫ్యాను పెట్టారు. మొత్తం కలిపితే చంటిపిల్లంత బరువు. సిరిసిల్ల నుంచి మా నాన్న పంపిన మందం గుడ్డను నాలుగు మడతలేసి, మెడకు వేసుకునే పట్టీ నేనే కుట్టాను. తిట్టేదీ నేనే, కుట్టేదీ నేనే.

మొదటిసారి మా వంటింట్లోనే పరీక్ష చేశారు. కెమెరా నా ముందు, కంప్యూటర్ ముందు గదిలో. బెండకాయలు కోస్తూ నేను మా ఆయన్ను ఆయన వంశంతో సహా కడిగిపారేశాను. చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చేసరికి కంప్యూటర్‌లో నేను ఇంకా బెండకాయలు కోస్తున్నాను. చూస్తుండగానే తిట్లు మొదలుపెట్టాను. ఇక్కడ జరిగింది అక్కడికి చేరడానికి కొంత సమయం పడుతుందని నాకు అట్లా తెలిసింది. నా తిట్లు నేనే విన్నాను. అంత ఘోరంగా ఏమీ లేవు.

ఆ డబ్బా కెమెరా సంగతి ఎవరో చెబితే విని దుబాయి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయనది మా కోరుట్ల వైపే, ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఊరు. వాళ్ళది మగ్గం నేసే ఇల్లు. మగ్గం కూడు పెట్టక దేశం పోయాడు. బిడ్డకు లగ్గం కుదిరింది. పెండ్లికొడుకుది మా సిరిసిల్లే, సాంచాల మీద పని. మరమగ్గాన్ని మా ఊళ్ళో సాంచా అంటారు. అంతా బాగానే ఉంది గానీ, కంపెనీ ఈయనకు సెలవివ్వలేదు.

"చెల్లె, నేను ఎక్కువేం అడుగుత లేను" అన్నాడు ఫోన్‌లో. "పుస్తె గట్టేటప్పుడు నేను సూడాలె. అక్షింతలు ముందుగాల్ల నేనే ఎయ్యాలె. ఆడ నా రూములనే బియ్యానికి పసుపు వట్టిచ్చి పెట్టుకుంట. నువ్వు సూపెడితే చాలు."

దినామూ ఎంతోమంది దుబాయివాళ్ళతో మాట్లాడేదాన్ని. ఎందుకోగానీ ఆ బియ్యానికి పసుపు పట్టించే మాట విన్నాక ఇంకేమీ అడగాలనిపించలేదు. సరే అన్నా, చూపెడతాం అన్నాను.

లగ్గం శుక్రవారం పెట్టుకున్నారు, అక్కడ రూమువాళ్ళందరికీ సెలవుంటుందని. సరిగ్గా ఆ శుక్రవారానికే బంద్ పిలుపు వచ్చింది. ముహూర్తం మార్చడానికి లేదు. మేము పొద్దున్నే మోటార్ సైకిల్ మీద బయల్దేరాం. వెనక నేను, నా ఒళ్ళో డబ్బా కెమెరా. ఊరికి తిరిగే చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు, పక్కన రిలే దీక్షల శిబిరం, రోడ్డు మధ్యలోనే మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు. మమ్మల్ని ఆపారు. నా ఒళ్ళో ఉన్నదేమిటని అడిగారు.

"కెమెరా. లగ్గానికి పోతున్నం" అన్నాను.

"గిది కెమెరానా? నీళ్ళ మోటరనుకున్న" అన్నాడు దండ వేసుకుని దీక్షలో కూర్చున్న ఒక పెద్దాయన. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషట. శిబిరంలో అందరూ ఆయన మాట వింటున్నారు. అందరికీ మెడల్లో దండలుండే సరికి నాకు పెండ్లికొడుకులను వరసగా కూర్చోబెట్టినట్టు కనిపించింది. ఆ మాటే అన్నాను. ఆయన పకపకా నవ్వి, "జై తెలంగాణ అని పో బిడ్డా" అని దారి ఇప్పించాడు.

పెండ్లివారింటికి చేరి పందిట్లో డబ్బా ఆన్ చేశాం. పచ్చ లైటు వెలిగింది. దుబాయిలో బొమ్మ వస్తున్నదని ఫోన్ వచ్చింది. చిన్నగా, తపాలా బిళ్ళంతే వస్తున్నదట, అయినా వస్తున్నది. పెండ్లిపిల్ల తల్లి ముఖం వెలిగిపోయింది. ఆమెది పొద్దటి నుంచీ ఒకటే ఆరాటం. ఆయన లేడని ఆయన పని, తన పని రెండూ ఆమే చేస్తున్నది. సిరిసిల్లవాళ్ళు బంద్ వల్ల ఊళ్ళల్లో నుంచి సందుల దారిన తిరిగి తిరిగి ఆలస్యంగా వచ్చారు. అప్పటికి ముహూర్తం దగ్గరపడింది. మైలపోలు తీసి, మంగళస్నానం చేయించి, పిల్లకు పట్టుచీర కట్టి, ఇంక పందిట్లోకి తేవడమే తరువాయి అనుకుంటుండగా కరెంటు పోయింది.

కరెంటు పోతే మాకేం, డబ్బాలో బ్యాటరీ ఉంది. కానీ ఊళ్ళో ఉన్న సెల్ టవర్ కూడా కాసేపటికి చల్లబడింది. పచ్చ లైటు ఆగిపోయింది. ఫోన్లూ ఆగిపోయాయి. మా ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి, నెత్తి మీద పెట్టుకుని, గోడ ఎక్కి చూశాడు. ఎక్కడా లేదు.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, బాపుకు కనవడుతున్ననా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేకపోయాను. లేదన్నాను. ఆ పిల్ల ఏడవలేదు, గొడవ చేయలేదు. చిన్నగా, "బాపు సూడంగనే కట్టాలె" అంది. అని ఉన్నచోటే కూర్చుంది.

లగ్గం చేయించే అయ్యగారు ముహూర్తం దాటిపోతున్నదంటాడు. పెండ్లికొడుకు తండ్రి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు మా ఆయన గోడ దిగి వచ్చి, "చౌరస్తల పెద్ద టవరున్నది, దానికి జనరేటర్ ఉంటది. పొద్దుగాల ఆడ నా ఫోన్ల సిగ్నల్ మంచిగున్నది. కెమెరా ఆడికి అస్తది, మరి లగ్గం అస్తదా?" అన్నాడు. అన్నవాడు హాస్యానికే అన్నాడు.

పిల్ల తల్లి హాస్యంగా తీసుకోలేదు. కొంగు నడుముకు చెక్కి, "ఎందుకు రాదు? పీటలు వట్టుండ్రి. అయ్యగారూ, నడువుండ్రి" అంది.

పెండ్లికొడుకు తండ్రికి కోపమొచ్చింది. "రోడ్డు మీద లగ్గమా? మాకు ఇజ్జతి లేదా?"

ఆయన మా ఊరాయన. మా నాన్నకు ఎరికే. కాబట్టి నేను వరస కలిపేశాను. "మామా, మొన్న ఉద్యమమని సిరిసిల్లల మగ్గం దెచ్చి రోడ్డు మీద వెట్టి బట్ట నేసిండ్రు గద మీరు! అప్పుడు ఇజ్జతి పోలే గని, ఇప్పుడు పుస్తె గడితే పోతదా?"

ఆయన నా వైపు చూశాడు, చుట్టూ చూశాడు. నవ్వాపుకోలేక మీసం తుడుచుకున్నాడు. "సిరిసిల్ల ఆడివిల్లవు, నీతోని ఎవలు మాట్లాడుతరు. నడువుండ్రి" అన్నాడు.

అట్లా లగ్గం లేచి నడిచింది. ముందు సన్నాయి, వెనక పీటలు, కొబ్బరికాయలు, తలంబ్రాల పళ్ళెం, ఎండకు పట్టిన పందిరి గుడ్డ, దాని కింద పిల్ల, పిల్లవాడు. పక్కనుంచి వెనక్కి నడుస్తూ నేను, మెడలో చంటిపిల్లంత కెమెరా. ఎండ మండిపోతున్నది. డబ్బా వేడికి పొట్ట మీద చీర కాలుతున్నట్టుంది. అయినా నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మా ఆయన మీద మొదటిసారి గర్వమనిపించింది. ఆ ముక్క ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

చౌరస్తాకు చేరకముందే పచ్చ లైటు కొట్టుకోవడం మొదలైంది. సంగతి విని పొద్దుటి బడిపంతులుగారు దీక్షలో ఉన్నవాళ్ళను ఒక పక్కకు జరిపించి శిబిరం ఖాళీ చేయించాడు. "ఇంతకంటే మంచి పందిరి మీకు దొరకది" అన్నాడు. వెనక తెలంగాణ బ్యానర్, ముందు పెండ్లి పీటలు. సన్నాయికి తోడు ఉద్యమం డప్పులు కూడా కలిశాయి. రోడ్డు మీద అన్నం ఉడుకుతున్నది. మూడూళ్ళ జనం మా చుట్టూ మూగారు, సగం మంది చేతుల్లో ఫోన్లు పట్టుకుని.

పిల్ల మేనమామ తన ఫోన్‌లో దుబాయికి కలిపి, గొంతు అందరికీ వినబడేట్టు పెట్టాడు. పిల్ల తల్లి నా దగ్గరికి వచ్చింది. కెమెరాకు ఎటు వైపు నుంచి చూడాలో తెలియక అద్దానికే ఎదురుగా నిలబడి, మెడ మీది చెమట కొంగుతో తుడుచుకుంటూ, "అస్తున్నదా?" అని అడిగింది. నన్ను అడిగిందో, కెమెరాను అడిగిందో, ఆయన్నే అడిగిందో. నేను లైటు చూపించాను. కొంచెం ఆగి ఫోన్‌లో నుంచి ఆయన గొంతు, "ఆఁ, అస్తున్నది, అస్తున్నది" అంది. ఆమె పరుగెత్తుకుంటూ పోయి బిడ్డ పక్కన నిలబడింది.

జీలకర్ర బెల్లం అయింది. అయ్యగారు పుస్తె అందించాడు. గట్టిమేళం మోగింది. పిల్లవాడు ముడి వేస్తున్నాడు. చుట్టూ జనం అక్షింతలున్న గుప్పిళ్ళు పైకెత్తారు. నాకు హఠాత్తుగా మా వంటింటి బెండకాయలు గుర్తొచ్చాయి.

"ఆగుండ్రి!" అని అరిచాను. "ఎయ్యకుండ్రి! ఆయనకు ఇంకా చేరలే. ముందుగాల్ల ఆయన ఎయ్యాలె!"

ఆగారు. ఎత్తిన గుప్పిళ్ళు ఎత్తినట్టే ఉన్నాయి. బడిపంతులుగారు చెయ్యి ఊపితే డప్పులు ఆగాయి, సన్నాయి ఆగింది. పొద్దటి నుంచీ గొంతులు చించుకుని నినాదాలిచ్చిన జనం కిక్కురుమనలేదు. పిల్ల తల వంచుకుని అట్లాగే కూర్చుంది. ఫోన్‌లో ఏమీ వినబడటం లేదు, చిన్న గాలి మోత తప్ప. లైటు చూశాను. కొట్టుకుంటూనే ఉంది.

చాలాసేపైనట్టు అనిపించాక ఆయన గొంతు వచ్చింది. "ఆఁ... కట్టిండు. సూసిన బిడ్డా. మంచిగ సూసిన. సల్లగ బతుకుండ్రి." వెనక ఆయన రూమువాళ్ళు చప్పట్లు కొట్టి కేకలేశారు. బియ్యం గింజలు దేని మీదో రాలిన చప్పుడు. అప్పుడు ఇక్కడ గుప్పిళ్ళు విప్పారు. పిల్ల మీద, పిల్లవాడి మీద, నా మీద, కెమెరా డబ్బా బెజ్జాల్లో, అన్నిట్లో అక్షింతలే. నేను ఏడుస్తూ తీశాను. టేపులో అక్కడ బొమ్మ వణుకుతుంది. అది చూసి మా ఆయన ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

ఆ రోజు రోడ్డు మీద వండిన అన్నం పెండ్లివాళ్ళు, పెండ్లి కూరలు ఉద్యమంవాళ్ళు తిన్నారు. దీక్షలో ఉన్నవాళ్ళు మాత్రం వాసన చూస్తూ కూర్చున్నారు, పాపం. ఆ లగ్గంతో మా డబ్బా కెమెరాకు పేరొచ్చింది. రెండేళ్ళు దాన్ని మెడలో మోసి మోసి నాకు మెడనొప్పి వచ్చింది. ఆ తర్వాత నెట్టు, కెమెరా రెండూ ఉన్న ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చేశాయి. డబ్బాను మాత్రం మా ఆయన పారెయ్యనివ్వలేదు.

రాష్ట్రం వచ్చాక ఒక రోజు మధ్యాహ్నం ఒకాయన స్టూడియోకు వచ్చాడు. నెత్తి నెరిసింది, ఎండకు మాడిన ముఖం. నోరు విప్పగానే గుర్తుపట్టాను, ఆ రోజు ఫోన్‌లో విన్న గొంతే. సెలవు మీద వచ్చాడట. భార్య పక్క సందులో గాజులు వేయించుకుంటున్నదట, ఆమె వచ్చేలోగా ఒక్కసారి లగ్గం టేపు వేసి చూపించమన్నాడు.

"మీ ఇంట్ల సీడీ ఉన్నది గద అన్నా" అన్నాను.

"ఇంట్ల అందరుంటరు. నాకు సూడాలని ఉన్నది, ఒక్కన్నే" అన్నాడు.

వేశాను. ముడి వేసే చోట ఆయన టీవీకి దగ్గరగా జరిగి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ చూశాడు. ఆ ఏడుపు మళ్ళీ చూసేవాడి ఏడుపులా లేదు. నాకు అనుమానమొచ్చింది. ఆయనే చెప్పాడు.

"గా దినం నాకు గిది కనవడలే చెల్లె. ముందుగాల్ల మంచిగనే అచ్చింది. ఒకకాడ ఆగిపోయింది. ఫోన్ల మాత్రం మేళం ఇనవడ్డది, నువ్వు ఆగుండ్రి అని మొత్తుకున్నది ఇనవడ్డది. గంత జనం ఆగిండ్రు. నా బిడ్డ నా మాట కోసమే కూసున్నది. కనవడలేదని ఎట్లంటా? సూసిన అన్న. మా రూమోళ్ళకు ఎరికే, ఆళ్ళూ సప్పట్లు గొట్టిండ్రు. నా బిడ్డకు చెప్పకు."

చెప్పనన్నాను. పచ్చ లైటు అంత నమ్మకంగా మిణుకుమన్నందుకు దాన్ని పగలగొట్టాలనిపించింది. "మరి ఏడ ఆగిందన్నా బొమ్మ?" అని అడిగాను.

ఆయన సిగ్గుపడ్డాడు. ఆ వయసు మనిషి అంత సిగ్గుపడటం నేను చూడలేదు. "జర ఎనుకకు తిప్పు" అన్నాడు. తిప్పాను. "ఇంకింత. ఆఁ, గాడ ఆపు."

ఆయన భార్య. మెడ మీద చెమట తుడుచుకుంటూ, అస్తున్నదా అని అడుగుతూ, సూటిగా అద్దంలోకి చూస్తున్న ముఖం.

"లగ్గమయ్యేదాక నాకు గిదే కనవడ్డది" అన్నాడు. "మా లగ్గమైన కొత్తల సిగ్గు. తర్వాత దేశం వోయిన. సెలవు మీదొస్తే ఇంటినిండ సుట్టాలు. ఆమె మొకం నేను గంతసేపు ఎన్నడు సూడలే చెల్లె."

వాకిట్లో కొత్త గాజుల చప్పుడైంది. ఆమె లోపలికి వచ్చి, టీవీ నిండా తన ముఖమే కనబడేసరికి గతుక్కుమంది. "ఏందిది? ఏం జూస్తున్నవ్?"

"నిన్నే" అన్నాడు.

"పిస లేసిందా? బిడ్డ లగ్గం ముంగట ఉన్నది. ముంగటికి పోనియ్యమను" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

రిమోట్ నా చేతిలోనే ఉంది. నేను నొక్కలేదు.